చల్లారిన కరెంటు పొయ్యి

షాలిబండ మొదలు బార్కాసు వరకు వ్యాపించిన హైదరాబాదు పాతబస్తీలో, జీవనోపాధికై సౌదీ అరేబియాకును, కువైటుకును, దుబాయికిని వెడలినవారి కుటుంబములు నివసించు గృహములందు, వంటయింటి మూల నాలుగు ప్లేట్లును, క్రింద ఒక ఓవెనును గల పెద్ద కుకింగ్ రేంజి కనబడుట అపూర్వము కాదు. పరదేశమున చిరకాలము శ్రమించి మరలివచ్చు గృహస్థు, అక్కడ తన సంసారమునకు అన్నము వండిపెట్టిన ఆ పొయ్యిని విడిచిరాలేక కార్గోలో పంపించుకొనును. అది యిక్కడ కొన్ని యేండ్లు నిరాటంకముగా పనిచేసి, ఒకనాడు ఒక ప్లేటు వేడెక్కుట మానును. కొన్నాళ్లకు ఓవెనును చల్లబడును. ఆ కంపెనీకి ఈ దేశమున ఏజెంటు ఉండడు. దుకాణదారునకు ఆ మోడలు పేరే తెలియదు. అంతట ఇంటివారు నిరాశచెంది, దానిపై గిన్నెలు పేర్చుకొనుటకో, కబాడీవానికి తూకమునకు ఇచ్చివేయుటకో సిద్ధపడుదురు. ఇట్లు తూకమునకు పోవు పొయ్యిలలో అనేకము బాగుపడదగినవే యని నా దృఢవిశ్వాసము. పార్టు దొరకకపోవుట కంటె, చెడినదేదో నిర్ణయింపకయే పార్టును వెదకబోవుట ఈ నష్టమునకు ముఖ్యకారణము. చెడినదానిని కొలిచి తెలిసికొన్నవానికి కంపెనీ పేరుతో అంతగా పని యుండదు.

ఏలయనగా, ఏ దేశమున తయారైనదైనను కరెంటు పొయ్యికి ప్రాణము నిక్రోమ్ తీగయే. నికెలు, క్రోమియము అను రెండు లోహముల మిశ్రమమైన ఈ తీగకు ఆల్బర్ట్ మార్ష్ అను అమెరికా దేశీయుడు 1906లో పేటెంటు పొందెను. ఎఱ్ఱగా కాలుచు గాలి తగులుచున్నను త్రుప్పుపట్టి రాలిపోని గుణము దానియందుండుటచే ఇస్త్రీపెట్టె మొదలు ఓవెను వరకు సమస్త తాపయంత్రములును సాధ్యమైనవి. దీనికి మరియొక సద్గుణము కలదు. బల్బులోని టంగ్‌స్టన్ తీగ వేడెక్కినప్పుడు దాని నిరోధము పదిరెట్లకు మించి పెరుగును గాని, నిక్రోమ్ నిరోధము చల్లనప్పుడును, కాలునప్పుడును దాదాపు ఒకటిగానే యుండును. కావున పొయ్యి చల్లగానున్నప్పుడు మల్టీమీటరుతో కొలిచిన ఓముల సంఖ్యను నిస్సంశయముగా నమ్మవచ్చును. ఉండవలసిన సంఖ్య యెంత యను ప్రశ్నకు ఉత్తరము సులభము: ఓల్టుల సంఖ్యను దానితోనే గుణించి వాట్లతో భాగింపవలెను. మన 230 ఓల్టుల సరఫరాలో 1000 వాట్ల ప్లేటునకు సుమారు 53 ఓములును, 1500 వాట్లదానికి 35 ఓములును, 2000 వాట్లదానికి 26 ఓములును చూపవలెను. ప్లగ్గు ఊడదీసి, ఎలిమెంటునకు వచ్చు రెండు తీగలలో ఒకదానిని విడదీసి కొలిచినప్పుడు మీటరు ఏమియు చూపకున్నచో లోపల తీగ తెగినదని అర్థము. టెర్మినలునకును పైనున్న లోహకవచమునకును నడుమ ఏ కొంచెము రీడింగు వచ్చినను లోపలినుండి కరెంటు బయటికి స్రవించుచున్నదని అర్థము. కొన్ని వందల రూపాయలకు లభించు మీటరుతో ఇంతటి నిర్ణయము చేయగలిగియుండగా, ఊహమీద ఆధారపడి ఒక పార్టు తరువాత ఒక పార్టు మార్చుచు ధనవ్యయము చేయుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచును.

పొయ్యిని విప్పుటకు ముందే పరీక్షింపవలసినవి కొన్ని గోడమీదనే యుండును. 2000 వాట్ల పొయ్యి దాదాపు 8.7 ఆంపియర్లు లాగును. దానిని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టునకు తగిలించినచో కొద్దికాలమునకే పిన్నులు నల్లబడి, స్ప్రింగులు సడలి, వేడి పొయ్యికి బదులు ప్లగ్గునందు పుట్టును. నాలుగు ప్లేట్లు, ఓవెను కలిసి 7000 వాట్లైనచో 30 ఆంపియర్లు కావలెను గనుక, మెయిను బోర్డునుండి ప్రత్యేకమైన లావుపాటి తీగ, ప్రత్యేకమైన ఎంసీబీ ఉండితీరవలెను. పూర్వము దీపములకై వేసిన పాత వైరింగు దానికి చాలదు. ఇక ఓల్టేజి మాట. వేడి ఓల్టేజి వర్గమును అనుసరించును గాన, 230 ఉండవలసినచోట 190 మాత్రమే వచ్చినచో పొయ్యి తన శక్తిలో మూడింట రెండు వంతులే చూపును. కూర ఉడుకుట ఆలస్యమగుచున్నదని ఎలిమెంటును నిందించువారు ముందుగా సాకెట్టులో ఓల్టేజి కొలుచుకొనుట మంచిది.

విదేశములనుండి వచ్చిన పొయ్యిల విషయమున ఈ ఓల్టేజి ప్రశ్న మరింత గంభీరమగును. దుబాయి, కువైటు సరఫరాలు మన సరఫరాకు సన్నిహితములు. ఓల్టేజియు, ఫ్రీక్వెన్సీయు ఇంచుమించు సరిపోవును. సౌదీలో మాత్రము బహుకాలము ఇండ్లకు 127 ఓల్టులు, 60 సైకిళ్ల సరఫరా ఉండెడిది; పెద్ద యంత్రములకు 220 వాడుచుండిరి. 127 ఓల్టులకు ఉద్దేశింపబడిన చిన్న ఓవెనును తెలియక ఇక్కడ తగిలించినచో అది మూడింతలకు మించిన శక్తిని లాగి క్షణములలో దగ్ధమగును. అమెరికానుండి బంధువులు పంపిన రేంజిలలో విచిత్రమైన ద్వంద్వము కలదు: వాని ప్లేట్లును, ఓవెను రాడ్లును 240 ఓల్టులవి యగుటచే ఇక్కడ కొంచెము తగ్గు వేడితో చక్కగా పనిచేయును గాని, లోపలి దీపమును, గడియారమును 120 ఓల్టులకు చెందినవి. వానికి వేరుగా ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలెను, లేదా వానిని విడదీసి వదలవలెను. సరఫరా సైకిళ్లను అనుసరించి తిరుగు పాతకాలపు గడియారమైనచో, ఓల్టేజి సరిచేసినను గంటకు పది నిమిషములు వెనుకబడును. పొయ్యి వెనుకనో, ఓవెను తలుపు చట్రముమీదనో అతికియున్న చిన్న రేటింగు ఫలకమున ఓల్టులు, వాట్లు, సైకిళ్లు వ్రాసియుండును. పార్టుల వేటలో దానికి మించిన ప్రమాణపత్రము లేదు. మోడలు నంబరుతో సహా దానిని మొదటనే ఫోటో తీసియుంచుకొనవలెను.

గుండ్రని ఇనుప ప్లేట్లు గల ఐరోపా తరహా పొయ్యిలకు పార్టు దొరకుట సాధారణముగా అనుకొనునంత కష్టము కాదు. 145, 180, 220 మిల్లీమీటర్ల వ్యాసములలో ప్లేట్లు ప్రమాణీకృతములై యుండుటచే ఒక కంపెనీ ప్లేటు మరియొక దానిలో అమరును. నడుమ ఎఱ్ఱచుక్క ఉన్నది త్వరగా వేడెక్కు ప్లేటు. ఇట్టి ఇనుప ప్లేటు గర్భమున మూడు వేరువేరు కాయిళ్లుండును. సున్న గాక ఆరు మెట్లు గల స్విచ్చు వానిని ఒకదానివెంట ఒకటిగానో, ప్రక్కప్రక్కనో కలుపుచు వేడిని మార్చును. ఒకటవ మెట్టున మూడును వరుసగా కలియును గాన, వానిలో ఏ ఒక్కటి తెగినను ఆ మెట్టు చచ్చిపడి, పై మెట్లలో కొన్ని పనిచేయుచునే యుండును. ఈ లక్షణమును చూచి స్విచ్చు చెడినదని తలచి దానిని మార్పించి, ఫలము కానక మరల మార్పించువారు కలరు. మీటరు పెట్టియుండినచో దోషము ప్లేటుదే యని ఒక నిమిషములో తేలియుండెడిది. వేడి ఏ మెట్టునను తగ్గక ఎల్లప్పుడు పూర్తిగానే యుండుట స్విచ్చులోని కాంటాక్టులు అతుకుకొనిపోయిన లక్షణము. అప్పుడు స్విచ్చునే మార్చవలెను.

ఓవెనులో కేకు పైభాగము మాడి అడుగు పచ్చిగానున్నచో క్రింది రాడ్డును అనుమానింపవలెను. రెండు రాడ్లును మంచివై వేడి మాత్రము అదుపు తప్పుచున్నచో థర్మోస్టాటును చూడవలెను. సన్నని రాగి గొట్టము చివర ఓవెను గోడకు తగిలించిన బుడ్డిలో నున్న ద్రవము వ్యాకోచించుటవలన ఈ థర్మోస్టాటు పనిచేయును. శుభ్రము చేయునప్పుడు ఆ గొట్టము నలిగినను, పగిలినను అది నిరుపయోగమగును. కొత్తది కొనునప్పుడు ఉష్ణోగ్రత పరిధి, గొట్టము పొడవు, గుబ్బ తిరుగు కడ్డీ ఆకారము, ఈ మూడును సరిపోయినచో పేరు ఏదైనను ఫరవాలేదు. రాడ్ల విషయమున వర్షకాలమందు తరచు కలుగు పొరపాటు నొకదానిని ప్రత్యేకించి చెప్పవలెను. రాడ్డులో నిక్రోమ్ చుట్టకును పైగొట్టమునకును నడుమ మెగ్నీషియం ఆక్సైడు పొడి కూరియుందురు. నెలల తరబడి వాడనిచో అది చివరలనుండి తేమను పీల్చుకొనును. అప్పుడు స్విచ్చు వేయగానే, కరెంటు స్రవించినచో సరఫరాను తెంపు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ పడిపోవును. ఇంటివారు రాడ్డు పోయినదని పారవేయుదురు. కాని దానిని బయటికి తీసి మందమైన వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టినచో అనేక పర్యాయములు మరల స్వస్థత పొందును. ఆర్సీసీబీని తప్పించి పొయ్యిని నడుపుట మాత్రము ప్రాణాంతకము. ఏ మిస్త్రీ అట్లు సలహా ఇచ్చినను వినరాదు.

ఇక పార్టు ఎచ్చట దొరకును? నయాపూలు దాటి మూసీకి ఆవలి గట్టున కోఠి ప్రాంతమందున్న ట్రూప్ బజారు విద్యుత్ సామగ్రికి నగరమంతటికిని ప్రసిద్ధమైనది. సాకెట్లు, వేడిని తట్టుకొను తీగలు, పింగాణి కనెక్టర్లు మొదలగువానికి అక్కడికే పోవలెను. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు వంటి ఎలక్ట్రానిక్ భాగములకు దాని సమీపముననే యున్న గుజరాతీ గల్లీ ఆశ్రయము. పాత సామానులు రాశులుగా పోయు జుమ్మేరాత్ బజారులో గురువారమునాడు ఓపికతో వెదకిన వారికి, ఎవరో విడిచిన రేంజి గుబ్బలు, తలుపు పిడులు, జాలీలు లభింపవచ్చును. కొత్తగా ఎక్కడను అమ్మకము లేని ఇట్టి భాగములకు పాత పొయ్యియే గని. ఎక్కడికి వెళ్లినను చెడిన పార్టును చేతబట్టుకొని వెళ్లవలెను. పేరు చెప్పి అడిగిన గ్రాహకునికి ‘లేదు’ అను మాట వినబడునేమో గాని, వస్తువును చూపి వాట్లు చెప్పిన గ్రాహకునికి దుకాణదారుడు దానికి సరిపడునదేదో వెదకియిచ్చును. ఎక్కడను దొరకని ఆకారపు రాడ్డును నమూనా ప్రకారము వంచి చేసియిచ్చు హీటరు తయారీదారులు గలరు. వారికి పొడవు, లావు, వాట్లు, ఓల్టులు, బిగింపు రంధ్రముల మధ్యదూరము తెలిపిన చాలును. విప్పుటకు ముందు తీగలు ఏవి ఎక్కడ కలిసియున్నవో ఫోటో తీసుకొనుట మరువరాదు. సాధారణ పీవీసీ తీగ 70 డిగ్రీల కంటె ఎక్కువ వేడిని సహింపదు. ఓవెను లోపలి కలయికలకు ఫైబరుగ్లాసు లేదా సిలికాను తొడుగు గల తీగయే వాడవలెను.

పెద్ద రేంజి లేని ఇండ్లలో పింగాణి గాడులలో కాయిలు పరచిన చిన్న హీటరు వాడుదురు. కాయిలు తెగినప్పుడు రెండు కొసలను మెలివేసి నడుపుట వాడుక. తీగలో పదవ వంతు తగ్గినచో శక్తి నూటికి పదకొండు వంతులు పెరిగి, ఆ అధికమైన వేడియంతయు మిగిలిన పొట్టి తీగయే మోయవలసివచ్చును. మెలి ఉన్నచోట మరింత కాగి అది మరల తెగును. కొత్త కాయిలు వెల స్వల్పము. దానిని గాడి పొడవునకు సమముగా సాగదీసి అమర్చుట తెలిసినచో ఇంటిలోనే మార్చవచ్చును. ఒకచోట చుట్లు దగ్గరగను, మరియొకచోట దూరముగను ఉన్నచో దగ్గరగా నున్నచోటనే అది ముందుగా కాలిపోవును. ఈ హీటరులో కాయిలు బహిరంగముగా ఉండును గాన, స్విచ్చు ఆపకుండ లోహపు గరిటెతో గిన్నె కలుపరాదు.

ఇండక్షను పొయ్యి వేరు జాతికి చెందినది. అది నిక్రోమును విడిచి, సెకనుకు వేల పర్యాయములు మారు అయస్కాంతక్షేత్రముచే గిన్నె అడుగునే వేడిచేయును. స్విచ్చు వేయగానే ఫ్యూజు కాలిపోయినచో తరచు ఐజీబీటీ అను ప్రధాన ట్రాన్సిస్టరును, బ్రిడ్జి రెక్టిఫయరును కలిసి చెడియుండును. వానిని మాత్రమే మార్చి ఊరకున్న మిస్త్రీ కొత్త ఐజీబీటీని గూడ పోగొట్టుకొనును. దానిని నడుపు 18 ఓల్టుల సరఫరాను, ప్రక్కనున్న కెపాసిటర్లను, ఫ్యానును పరీక్షించి, మొదటిసారి 100 వాట్ల బల్బును సిరీసులో పెట్టి స్విచ్చు వేయువాడే వివేకవంతుడు. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటరులో 300 ఓల్టులకు మించిన ఆవేశము కొంతసేపు నిలిచియుండునని తెలిసినవారే ఈ పెట్టెను తెరువవలెను.

ఈ దేశమున అమ్మిన పొయ్యికి వారంటీ గడువులోనే అమ్మినవాడు పార్టు నిరాకరించినచో గృహస్థుడు నిస్సహాయుడు కాడు. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. 1915 అను నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. బిల్లు దాచుకొననివారికి ఈ మార్గము సులభము కాదు.

కొత్త పార్టు బిగించిన తరువాత పొయ్యి లోహశరీరమునకును, ప్లగ్గులోని పెద్ద పిన్నుకును నడుమ మీటరు దాదాపు సున్న ఓములు చూపవలెను. చూపనిచో ఎర్తు తెగియున్నదని గ్రహించి దానిని కలిపిన తరువాతనే స్విచ్చు వేయవలెను. పిమ్మట అర్ధగంటసేపు పూర్తి వేడిపై నడిపి, స్విచ్చు ఆపి, ప్లగ్గు ఊడదీసి దాని పిన్నులను వ్రేలితో తాకి చూడవలెను. అవి చేయి నిలువనంత వేడిగా నున్నచో, ఎలిమెంటు ఎంత మంచిదైనను ఆ రోజే సాకెట్టును గూడ మార్పింపవలెను.