లయ తప్పిన ఇంజను

పాత మోటారు కారు తన బాధను దాచుకొనదు. కుదుపులోను, సైలెన్సరు చప్పుడులోను, ఎగువ దారిలో తగ్గిన బలములోను అది తన సంగతి చెప్పుచునే యుండును. అట్టి బాధలలో మిక్కిలి సామాన్యమైనదియు, యజమాని చేత మిక్కిలి వృథా వ్యయము చేయించునదియు ఒకటి కలదు. దానిని మన మెకానిక్కులు ‘మిస్సింగు’ అందురు. నాలుగు సిలిండర్లు వరుస తప్పక మండవలసిన ఇంజనులో ఏదో ఒకటి తన వంతు వచ్చినప్పుడు మండక ఊరకుండుటయే మిస్సింగు.

ఈ జబ్బు వచ్చిన బండిని షెడ్డునకు తీసికొనిపోయినచో తరచుగా జరుగునది ఇది. మొదట ప్లగ్గులు మార్చెదరు, తగ్గదు. కాయిలు మార్చెదరు, తగ్గదు. కార్బురేటరు విప్పి కడిగెదరు. రెండు దినములు బాగున్నట్లు తోచి మరల మొదటికి వచ్చును. చివరకు ఇంజను దింపవలె నందురు. నాడి చూడక మందిచ్చిన వైద్యమునకు ఫలితము ఇట్లే ఉండును. మిస్సింగునకు కారణములు పది పదునైదు ఉండవచ్చును గాని, వానిని వెదకుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును పాటించువానికి ఒక ప్లగ్గు స్పానరు, ఒక ఫీలర్ గేజి, కొంత ఓపిక ఉన్న చాలవరకు పని జరుగును. పాటించనివానికి ఎన్ని కొత్త సామానులైనను చాలవు.

దృష్టాంతమునకు అంబాసిడరు కారును తీసికొందము. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరినుండి 2014 వరకు దానిని తయారుచేసిరి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు దానికి మాతృక. సర్కారు కచేరీల ముందు, రైలు స్టేషన్ల ముందు, పెండ్లి పందిళ్ల ముందు నిలిచిన ఆ బండి నెరుగనివారు ఆ తరములో అరుదు. మిగిలియున్న బండ్లను నేడు తండ్రిగారి జ్ఞాపకముగా కొందరు, అభిమానముచేత కొందరు కాపాడుకొనుచున్నారు. 1489 ఘన సెంటీమీటర్ల ఆ పాత పెట్రోలు ఇంజనులో కంప్యూటరు లేదు. ఏ సిలిండరు చెడినదో చెప్పు దీపము లేదు. కనుక చూడవలసినదియు, వినవలసినదియు మనమే.

మూడు అవసరములు

పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అను నాలుగు పనులు చేయు ఇంజనును జర్మనీ దేశీయుడు నికొలౌస్ ఓటో 1876లో నిర్మించెను. అంబాసిడరు ఇంజను నడచునదియు ఆ పద్ధతిమీదనే. దానిలోని సిలిండర్లు 1, 3, 4, 2 అను వరుసలో మండును. క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒక్కొక్క సిలిండరు ఒక్కొక్కసారి మండును. అనగా ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 100 నిప్పురవ్వలు పుట్టవలెను. వానిలో ప్రతి నాలుగవది తప్పినచో బలములో నాలుగవ వంతు పోవుట మాత్రమే కాదు. మండని సిలిండరును మిగిలిన మూడును మోయవలసి వచ్చును.

సిలిండరు మండుటకు మూడు కావలెను: తగుపాళ్లలో కలిసిన గాలి పెట్రోలు మిశ్రమము, దానిని గట్టిగా నొక్కు ఒత్తిడి, సమయమునకు వచ్చు నిప్పురవ్వ. మిస్సింగునకు ఎన్ని కారణములు చెప్పినను అవి యన్నియు ఈ మూడింటిలో ఒక దానికి చెందినవే. ఏది లోపించినదో తేల్చుకొనకుండ సామాను కొనరాదు.

ఎప్పుడు? ఏది?

మొదటి ప్రశ్న ‘ఎప్పుడు’ అనునది. వాన కురిసిన మరునాటి ఉదయము మిస్సింగు వచ్చి, ఇంజను వేడెక్కిన పిదప పోయినచో డిస్ట్రిబ్యూటరు కాపులోను, ప్లగ్గు వైర్లలోను చెమ్మ చేరినదని అనుమానింపవలెను. చల్లగా నున్నప్పుడు బాగుండి, వేడెక్కిన పిదప వచ్చినచో కాయిలును, కండెన్సరును పరీక్షింపవలెను. చదును దారిలో బాగుగా నడచి తిరుమల కనుమ దారివంటి ఎగువలో మాత్రమే తడబడినచో నిప్పురవ్వ బలహీనమైనదనియో, పెట్రోలు చాలుటలేదనియో అర్థము. ఏలయనగా బరువు లాగునప్పుడు సిలిండరులో ఒత్తిడి పెరుగును. అంత ఒత్తిడిలో ప్లగ్గు సందును దాటుటకు రవ్వకు ఎక్కువ బలము కావలెను. నిలిపి యుంచినప్పుడు వణకి, వేగము హెచ్చినకొలది సర్దుకొనునది గాలి చొరబాటు కావచ్చును, వాల్వు సరిగా మూసికొనకపోవుట కావచ్చును.

రెండవ ప్రశ్న ‘ఏ సిలిండరు’ అనునది. ఇంజనును నెమ్మదిగా నడువనిచ్చి ఒక్కొక్క ప్లగ్గు వైరును తప్పించి చూచుట పాత పద్ధతి. మంచి సిలిండరు వైరు తీసినప్పుడు ఇంజను మరింత కుంటును. ఏ వైరు తీసినను తేడా తెలియనిచో ఆ సిలిండరే దోషి. ఇచట జాగ్రత్త ముఖ్యము. ఆ వైరులో ప్రవహించునది పదివేల వోల్టులకు పైబడినది. ఇంజను ఆపి, వైరు తీసి, దానిని వేరొక ప్లగ్గునకు తగిలించి, ఆ ప్లగ్గు లోహభాగము ఇంజను ఇనుమునకు గట్టిగా తగులునట్లు కట్టి, పిమ్మట స్టార్టు చేయుట క్షేమము. వైరును గాలిలో వ్రేలాడనిచ్చినచో కాయిలు చెడవచ్చును. పెట్రోలు కారుచున్న చోట ఈ పని చేయనే రాదు. గుండెలో పేస్‌మేకరు అమర్చుకొన్నవారు దీని దరికి పోరాదు.

ఎగ్జాస్టు గొట్టముమీద నీటి చుక్కలు చల్లి, ఏది చల్లగా నున్నదో చూచువారును కలరు. కాని అంబాసిడరులో 2, 3 సిలిండర్లు రెండును ఒకే రంధ్రముగుండ పొగ విడుచును. కనుక నడిమి రెండింటి విషయములో ఈ పరీక్ష నమ్మదగినది కాదు.

నిప్పురవ్వ దారి

దోషి సిలిండరు తెలిసిన పిదప దాని ప్లగ్గును విప్పి ముఖము చూడవలెను. బిస్కెట్టు రంగున్నచో ఆరోగ్యము. పొడి మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగుచున్నది. నూనెతో తడిసినచో రింగులగుండనో, వాల్వు గైడులగుండనో ఆయిలు లోనికి వచ్చుచున్నది. తెల్లగా కాలినచో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ, లేదా వేడి మితిమీరినది. ప్లగ్గు సందు సుమారు 0.025 అంగుళము ఉండవలెను.

ఇక అన్నిటికంటె విలువైన పరీక్షకు పైసా ఖర్చు లేదు. అనుమానము గల ప్లగ్గును పొరుగు సిలిండరుకు, పొరుగు ప్లగ్గును ఇచటికి మార్చవలెను. మిస్సింగు ప్లగ్గుతో కూడ తరలిపోయినచో ప్లగ్గు చెడినది. కదలక అచటనే ఉన్నచో ప్లగ్గు నిర్దోషి. తరువాత, పొడవు చాలినచో, వైరును అట్లే మార్చి చూడవలెను. ఒకసారికి ఒకే మార్పు చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినవాడు బండి బాగుపడినను ఏది బాగుచేసినదో ఎరుగడు. మరల చెడినప్పుడు అతడు మొదటినుండి మొదలిడవలసినదే.

నాలుగు సిలిండర్లును అక్కడక్కడ తప్పుచున్నచో దోషము అన్నింటికి ఉమ్మడియైన చోట వెదకవలెను. అంబాసిడరులోని జ్వలన పద్ధతి అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగు 1910 ప్రాంతమున రూపొందించినది. 12 వోల్టుల బ్యాటరీ కరెంటు కాయిలులో ప్రవహించును. పాయింట్లు విడిపోయిన క్షణమున ఆ ప్రవాహము తెగి, కాయిలులోని అయస్కాంత బలము కుప్పకూలి వేల వోల్టులుగా మారును. డిస్ట్రిబ్యూటరులోని రోటరు దానిని వంతువారీగా నాలుగు ప్లగ్గులకు పంచును. పాయింట్ల సందు సుమారు 0.015 అంగుళము. పాయింటు మడమ అరిగినకొలది ఆ సందు తగ్గి, రవ్వ ఆలస్యముగా వచ్చును. పాయింట్లు త్వరత్వరగా మాడి గుంటలు పడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. కాపు లోపల వెండ్రుకవంటి నల్లని గీత కనబడినచో అది రవ్వ దారితప్పి పారిన జాడ. చీకటిలో బానెట్టు తెరచి చూచినచో చెడిన వైర్లమీద నీలిరంగు మెరుపులు ప్రాకుట కంటికే కనబడును.

గాలి, పెట్రోలు

నిప్పురవ్వ సరిగా నున్నచో పెట్రోలు త్రోవ చూడవలెను. చాలకాలము నిలిచిన బండి ట్యాంకులో త్రుప్పు పట్టి, ఆ పొడి ఫిల్టరును, కార్బురేటరు జెట్టును మూయును. కార్బురేటరునకు, ఇంజనుకు నడుమ గాస్కెట్టు చెడి గాలి చొరబడినచో మిశ్రమము పలుచనగును. అట్టి పలుచని మిశ్రమము నిదానముగా మండి, కార్బురేటరు నోట తుమ్మినట్లు వెనుకకు కొట్టును. ఎస్‌.యు. కార్బురేటరు గల బండ్లలో దాని పై గొట్టమున కొంచెము పలుచని ఆయిలు ఉండవలెను. అది ఎండినచో ఆక్సిలరేటరు త్రొక్కగానే బండి తటపటాయించును. అది జబ్బు కాదు, మరచిపోయిన పోషణ.

నేటి యజమాని ఎరుగవలసిన సంగతి మరియొకటి కలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలులో ఆక్సిజను కలదు. కనుక పాత జెట్లు గల కార్బురేటరులో మిశ్రమము కొంత పలుచబడును. అది నీటిని పీల్చును, పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తబరచును. బీటలు వారిన గొట్టమునుండి వేడి ఇంజనుమీద పెట్రోలు కారినచో ప్రాప్తించునది మిస్సింగు కాదు, అగ్నిప్రమాదము. కావున గొట్టములను ఇథనాలును తట్టుకొను రకమునకు మార్చుట మంచిది.

నిశ్శబ్దము చేయు కీడు

రవ్వయు, పెట్రోలును నిర్దోషులని తేలినప్పుడు ఒత్తిడి కొలువవలెను. కంప్రెషన్ గేజితో నాలుగింటిని కొలిచినచో లెక్కలు ఇంచుమించు సమానముగా ఉండవలెను. పదింట ఒక వంతును మించిన తేడా మంచిది కాదు. ఒకటి తగ్గినచో ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. లెక్క పెరిగినచో రింగులు అరిగినవి. పెరుగనిచో వాల్వు కారుచున్నది. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గినచో వాని నడుమ హెడ్ గాస్కెట్టు కాలియుండును.

అయితే వాల్వు కారుచున్నదని తేలగానే హెడ్డు విప్పరాదు. ముందు టాపెట్ల సందు చూడవలెను. టాపెట్లు చప్పుడు చేయకుండ ఉండుట ఆరోగ్య లక్షణమని చాలమంది యజమానులు తలచెదరు. నిజము దానికి విరుద్ధము. మాన్యువలు చెప్పిన సందు ఉన్నచో టాపెట్టు కొంచెము టకటకలాడును. సందు పోయినచో చప్పుడు ఆగును. కాని వాల్వు పూర్తిగా మూసికొనదు. మూసికొనిన వాల్వు తన వేడిని సీటునకు అప్పగించి చల్లబడును. మూసికొనని వాల్వునకు ఆ అవకాశము లేక అంచు కాలిపోవును.

ఈ ముప్పు 2000 సంవత్సరమునుండి హెచ్చినది. ఆ ఏటినుండి దేశమంతట సీసము కలిపిన పెట్రోలు అమ్మకము నిలిచెను. సీసము ప్రజల ఆరోగ్యమునకు, ముఖ్యముగా పిల్లల మెదడుకు, విషము; దానిని తొలగించుట సర్వవిధముల సమంజసము. కాని పాత ఇంజనులలో మెత్తని వాల్వు సీట్లకు ఆ సీసమే రక్షణపు పొరగా ఉండెడిది. ఆ రక్షణ పోగా సీటు అరిగి, వాల్వు లోనికి దిగి, టాపెట్టు సందు తనంతట తాను తగ్గుచుండును. గట్టి సీట్లు వేయించని పాత ఇంజనులో కాలానుసారము సందు కొలుచుకొననిచో మిస్సింగు రాక తప్పదు. సకాలమున సరిచేసినచో అది అరగంట పని. ఉపేక్షించినచో హెడ్డు దింపి వాల్వు మార్చవలసిన పని. మొదట చెప్పిన బండికి ప్లగ్గులును, కాయిలును, కార్బురేటరును మార్చియు ప్రయోజనము లేకపోవుటకు ఇట్టి కారణమే ఉండవచ్చును. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట అన్న ఇదియే.

చెవి విలువ

మిస్సింగును ఓర్చుకొని బండి నడుపుటయు తగదు. మండని పెట్రోలు సిలిండరు గోడలమీది ఆయిలును కడిగివేయును. క్రిందికి దిగి ఆయిలును పలుచన చేయును. ఇంజను అరుగుదల అచట ప్రారంభమగును. ఎదురుగా లారీ వచ్చుచుండగా దాటిపోదమని ఆక్సిలరేటరు త్రొక్కిన క్షణమున ఇంజను తడబడినచో పోవునది ఇంజను మాత్రమే కాదు.

నేటి కార్లలో క్రాంకు వేగములోని స్వల్పమైన తేడాను కంప్యూటరు కనిపెట్టి, ఫలానా సిలిండరు మండలేదని అంకెలతో చెప్పును. అది మేలే. కాని అంకెలు చదువుటకు అలవాటుపడిన యువకులకు పాయింట్లు సవరించు పని నేర్పువారు తగ్గుచున్నారు. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల పెద్దలు ఇంకను కనబడుచునే యున్నారు. వారిది మంత్రము కాదు. ‘ఎప్పుడు’, ‘ఏది’, ‘ఎందుచేత’ అను మూడు ప్రశ్నలను వేలసార్లు వరుస తప్పక వేసినందువలన వచ్చిన నేర్పు అది. పాత బండి గల యజమాని అట్టివారి దగ్గర ఒక పూట నిలిచి ఆ ప్రశ్నలు అడుగుట నేర్చుకొన్నచో, అతని బండికి కావలసిన సామానుల పట్టీ సగమునకు సగము తగ్గిపోవును.