ఆటుపోట్లు
సముద్రపు నీటిమట్టం క్రమబద్ధంగా పెరగడాన్ని పోటు అని, తగ్గడాన్ని ఆటు లేదా పాటు అని అంటారు. ఇందుకు ప్రధాన కారణం చంద్రుని గురుత్వాకర్షణ.

చంద్రుడు నీటిని నేరుగా పైకి లాగుతాడని చాలామంది భావిస్తారు. నిజానికి భూమి ఆకర్షణ ముందు ఆ బలం అత్యల్పం. దూరం పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది కనుక, చంద్రునికి ఎదురుగా ఉన్న నీటిపై అది భూకేంద్రం మీదకన్నా ఎక్కువగాను, ఆవలివైపు నీటిపై తక్కువగాను ఉంటుంది. ఈ వ్యత్యాసం వలన నీరు పక్కలనుండి జరిగి రెండు వైపులా ఉబ్బుతుంది. అనేక తీరాలలో రోజుకు రెండు పోట్లు రావడం ఇందువల్లనే. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కొంత ముందుకు జరుగుతాడు. అందుచేత వాటి మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు.

సూర్యుని ప్రభావం ఇందులో సగంకన్నా తక్కువ. అమావాస్య, పౌర్ణములకు రెండూ కలిసి పోటు పెద్దదవుతుంది. అష్టమి ప్రాంతంలో చిన్నదవుతుంది. తీరపు ఆకృతినిబట్టి కూడా తేడా వస్తుంది. విశాఖపట్నంలో ఇది 2 మీటర్ల లోపే. గరాటు వంటి ఖంభాత్ సింధుశాఖలో, భావనగర్ వద్ద, సుమారు 10 మీటర్లు.

ఉప్పెన వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది తుపాను గాలులు నెట్టుకొచ్చిన ఉప్పెన. అయితే పోటు సమయంలో ఉప్పెన వస్తే ముంపు మరింత పెరుగుతుంది. అందుకే తుపాను హెచ్చరికలలో ఉప్పెన ఎత్తును పోటు మట్టంపై ఇన్ని మీటర్లని తెలుపుతారు.