మీకు తెలుసా? ఎత్తు పెంచిన జీపుకు వణుకెందుకు?

తిరిగే రెండు షాఫ్ట్‌లను కలిపే యూనివర్సల్ జాయింట్ వంపులో ఉంటే, దానికి ఒకవైపు నిలకడగా నిమిషానికి 1000 చుట్ల వేగం అందించినా, రెండోవైపు ఆ నిలకడ ఉండదు. వంపు 20 డిగ్రీలైతే వేగం 940కి పడి 1064కి ఎగబాకుతుంది, అదీ ప్రతి చుట్టుకూ రెండేసి సార్లు!

యాక్సిల్‌కు శక్తినందించే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు కొసలా జాయింట్లు పెట్టేది ఇందుకే. రెండు వంపులూ సమానంగా ఉంటే మొదటిది తెచ్చిన హెచ్చుతగ్గులను రెండోది సరిచేస్తుంది. కొండదారుల కోసం సస్పెన్షన్ ఎత్తు పెంచితే వంపులు పెరుగుతాయి, ఆ సమానత్వమూ చెదరవచ్చు. 1997–2006 మధ్య వచ్చిన జీప్ రాంగ్లర్ టీజేలో వెనుక షాఫ్ట్ మరీ పొట్టిది కాబట్టి కొద్దిపాటి ఎత్తుకే తేడా తెలిసిపోతుంది. ఒక కొసన రెండు జాయింట్లు జంటగా ఉండే డబుల్ కార్డాన్ షాఫ్ట్ వేస్తే లెక్క మారుతుంది: అప్పుడు వెనుక యాక్సిల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే పళ్లచక్రం) దాదాపు షాఫ్ట్ వైపే సూటిగా చూడాలి. లోడు పడితే పినియన్ పైకి లేస్తుంది, అందుకే ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు.

వణుకు మూలాన్ని దాని వేగమే పట్టిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో టైరు తిరిగేది సెకనుకు సుమారు 12 సార్లు. టైరు బ్యాలెన్స్ తప్పితే ఆ లెక్కనే స్టీరింగ్ ఊగుతుంది. జాయింట్ వంపు తెచ్చే వణుకు సెకనుకు 90 సార్ల దాకా ఉంటుంది, నేలరేకులో జుమ్మని మోగుతుంది. ఎత్తు పెంచాక ఆ మోత వినిపిస్తే టైర్ల జోలికి వెళ్లేముందు జాయింట్ల కోణాలు కొలిపించండి.