టిల్లు రెండోసారి ఎందుకు నవ్వించాడు?



ఈ వారం ఒక హాస్య చిత్రం గురించి మాట్లాడుకుందాం. హాస్య చిత్రాల్లో రెండో భాగం తీయడం కత్తి మీద సాము. మొదటిసారి విని పగలబడి నవ్విన జోకునే రెండోసారి చెబితే మర్యాదకి నవ్వుతాం, మూడోసారి గడియారం చూసుకుంటాం. మన భాషలో ఈ సాహసం చేసినవాళ్ళు తక్కువే. 1993లో వచ్చిన 'మనీ'కి 1995లో 'మనీ మనీ' వచ్చింది. 'శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.'కి 2007లో 'శంకర్ దాదా జిందాబాద్' వచ్చింది. రెండింటికీ అభిమానులున్నారు కానీ, మొదటిదాన్ని మించాయని అనేవాళ్ళు అరుదు.

అందుకే 2024 మార్చి 29న విడుదలైన 'టిల్లు స్క్వేర్'ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 'డీజే టిల్లు'కి ఇది కొనసాగింపు. ఉత్తర అమెరికాలో 30 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇందులో యుద్ధాలు లేవు, గ్రాఫిక్స్ లేవు, ఏనుగులూ గుర్రాలూ లేవు. ఒక డీజే కుర్రాడు రెండు గంటలు మాట్లాడతాడు, అంతే. ఆ మాటల్లో ఏముందో చూద్దాం.

ముందు కథ. బాలగంగాధర తిలక్ అనే హైదరాబాదు కుర్రాడు ఆ పేరు బరువు మోయలేక 'డీజే టిల్లు' అయ్యాడు. మొదటి భాగంలో రాధిక అనే అమ్మాయిని నమ్మి ఆమె ఫ్లాటుకి వెళితే అక్కడ ఒక శవం ఉంటుంది. ఆ శవంతో మొదలైన తిప్పలే సినిమా. రెండో భాగంలో టిల్లు కాస్త ఎదిగాడు, సొంతంగా ఈవెంట్ల కంపెనీ పెట్టుకున్నాడు. ఈసారి ఒక పార్టీలో లిల్లీ పరిచయమవుతుంది, మాయమవుతుంది, కొన్నాళ్ళకి ఆస్పత్రిలో కనిపించి పిడుగులాంటి కబురు చెబుతుంది. ఆ తరవాత ఏం జరిగిందో నేను చెప్పను, చూడనివాళ్ళు చూడండి.

అంటే మళ్ళీ అదే కథ. అమ్మాయి, నమ్మకం, గోతిలో పడటం. మామూలుగా అయితే ఇది లోపం. ఇక్కడ మాత్రం అదే బలమైంది. మొదటి భాగంలో టిల్లుకి ఏం తెలుసో మనకీ అంతే తెలుసు. ఇద్దరం కలిసి ఆశ్చర్యపోయాం. రెండో భాగానికి వచ్చేసరికి మనకి ముందే తెలుసు, వీడు మళ్ళీ మునుగుతాడని. వాడికీ లోలోపల అనుమానమే. అయినా కాలు ఆగదు. తెలిసి తెలిసీ గోతిలోకి నడిచేవాణ్ణి చూస్తే వచ్చే నవ్వు వేరు. అందులో కొంచెం జాలి, కొంచెం మన సొంత గుర్తులు కలుస్తాయి. టిల్లుని టిల్లుతో గుణిస్తే వచ్చేది టిల్లు స్క్వేర్. పేరులోనే ఆ లెక్క ఉంది.

ఇక అసలు సంగతి, భాష. టిల్లుగా వేసిన సిద్ధు జొన్నలగడ్డ ఈ సినిమా రచనలోనూ ఉన్నారు. అందుకే మాట ఎవరో రాసిచ్చినట్టు కాక, నోట్లో పుట్టినట్టు ఉంటుంది. మొదటి భాగానికి విమల్ కృష్ణ, రెండోదానికి మల్లిక్ రామ్ దర్శకులు. దర్శకుడు మారినా టిల్లు మారలేదంటే, పాత్ర ప్రాణం ఆ మాటతీరులో ఉందన్నమాట.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. టిల్లు ఊతపదంలో 'మనతోని' అనే మాట వస్తుంది. తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అంటే ఎదుటివాడు బయటే ఉంటాడు, 'మనం' అంటే వాడూ లోపలికి వస్తాడు. ఇంగ్లీషులో ఈ తేడా లేదు, అందుకే ఇక్కడ పుట్టిన మన పిల్లలు దీని దగ్గర తడబడతారు. హైదరాబాదు గల్లీల్లో కుర్రాళ్ళు 'నేను' అనాల్సిన చోట 'మనం' అంటారు. "మనకెందుకన్నా ఈ లొల్లి" అంటే నాకెందుకు అని. గొప్ప చెప్పుకుంటూనే ఎదుటివాడి భుజం మీద చెయ్యి వేసినట్టు ఉంటుంది. టిల్లు డంబాలు మనకి చిరాకు తెప్పించకపోవడానికి ఈ 'మన' ఒక కారణం. వాడి గొప్పలో మనకీ వాటా ఇస్తాడు.

ఇంకో కిటుకు, భయమేస్తే టిల్లు నోరు మూతపడదు, ఇంకా తెరుచుకుంటుంది. కథానాయకుడు ఆపదలో చొక్కా చేతులు మడిచి కొట్టడం మనకి అలవాటు. వీడు కొట్టలేడు, పారిపోలేడు. వాడి దగ్గరున్న ఆయుధం నోరొక్కటే.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళదాం. తెలంగాణ యాస సినిమాల్లో మొదటినుంచీ ఉంది, కానీ ఎవరి నోట? 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన కాశయ్య గుర్తున్నాడా? గొప్ప నటన, సందేహం లేదు. కానీ ఆ యాస దుర్మార్గుడిది. చాలా ఏళ్ళు అది రౌడీలకీ, పనివాళ్ళకీ, హాస్యగాళ్ళకీ మిగిలింది. కథానాయకుడు మాత్రం ఏ ఊళ్ళో పుట్టినా కోస్తా తెలుగే మాట్లాడేవాడు. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి ఆ యాసలో మాట్లాడి అందరినీ గెలిచింది. ఆ తరవాత 'జాతి రత్నాలు' వచ్చింది, టిల్లు వచ్చాడు. హాస్యం ఉంది, యాస ఉంది, కానీ నవ్వు యాసని చూసి కాదు, యాసలో ఉన్న తెలివిని చూసి. గుంటూరువాళ్ళూ, విశాఖవాళ్ళూ, చిత్తూరువాళ్ళూ టికెట్లు కొనుక్కుని ఆ మాట కోసమే రెండోసారి వెళ్ళారు. ఒక సినిమా విజయంగా కన్నా, ఇది నాకు భాషకి జరిగిన మంచిగా కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మనకి ఇది ఎందుకు ముఖ్యం? ఇక్కడ పిల్లలకి తెలుగు ఇంట్లోంచి వస్తుంది, లేదా శని, ఆదివారాల తరగతుల్లోంచి వస్తుంది. తరగతిలో నేర్పేది పుస్తకాల తెలుగు, అది సహజం. కానీ ఒక పిల్ల "నాన్నమ్మ తప్పు తెలుగు మాట్లాడుతోంది" అంటే? ఆ పెద్దావిడ ఫోనులో "బిడ్డా, ఎప్పుడొస్తరు?" అన్నది, అంతే. అందులో తప్పేముంది? యాస లేని తెలుగు ఎక్కడుంది? మనది మనకి వినిపించదు, అంతే తేడా. నాన్నమ్మ మాట నామోషీ అనుకున్న పిల్ల, రేపు నాన్నమ్మతో మాట్లాడటమే తగ్గిస్తుంది.

అభిమానిని కాబట్టి లోపాలు దాచను. రెండు సినిమాల్లోనూ అమ్మాయిలు మోసం చేసేవాళ్ళే. 'రాధిక' అనే పేరు కుర్రాళ్ళ నోట ఒక వెటకారపు మాట అయిపోయింది. ఇంట్లో ఎదిగే పిల్లలుంటే ఆ విషయం వాళ్ళతో మాట్లాడండి. ముద్దులూ, పెద్దల మాటలూ కూడా ఉన్నాయి, చిన్నపిల్లలతో కూచుని చూసే సినిమా కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. టిల్లు ఒక్కడినే చూసినవాళ్ళు తెలంగాణ మాట అంటే అల్లరి మాట అనుకోవచ్చు. దానికి విరుగుడు అదే సినిమాలో దొరుకుతుంది. టిల్లు తండ్రిగా వేసిన మురళీధర్ గౌడ్‌ని గమనించండి. కొడుకు వాగుడుకి ఆయన విసుగు సరిజోడు, కడుపుబ్బ నవ్విస్తాడు. ఆయనే 2023లో వచ్చిన 'బలగం'లో అల్లుడు నారాయణ. నల్లిబొక్క దగ్గర మొదలైన అలకని ఏళ్ళ తరబడి మోసిన మనిషి. అదే నటుడు, అదే యాస, ఇక్కడ నవ్విస్తే అక్కడ కన్నీళ్ళు పెట్టిస్తాడు.

కాబట్టి నా సలహా. ఒక శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక 'టిల్లు స్క్వేర్' చూడండి. మర్నాడు ఇంటిల్లిపాదీ కలిసి 'బలగం' చూడండి. చూశాక పిల్లల చేత నాన్నమ్మకో అమ్మమ్మకో ఫోను చేయించండి. ఏ ఊరి తెలుగైనా సరే, వాళ్ళని ఆపకుండా మాట్లాడనివ్వండి.