బోర్డు మీద మన సొంత ఓఎస్: అపోహలు – వాస్తవాలు

ఎంబెడెడ్ లినక్స్ నేర్చుకుంటున్నానని చెబితే ఎదుటివాళ్లు రెండు రకాలుగా చూస్తారు. ‘అబ్బో, ఓఎస్సే రాసేస్తున్నావా!’ అని కొందరు. ‘ఇమేజ్ డౌన్‌లోడ్ చేసి రాస్ప్‌బెర్రీ పై కార్డులోకి ఎక్కించడమేగా!’ అని మరికొందరు. ఇద్దరిదీ పొరపాటే. అసలు పని ఈ రెంటికీ నడుమ ఉంది. అక్కడ చెమట ఎక్కువ, చమత్కారం తక్కువ.

అపోహ: ఓఎస్ తయారుచేయాలంటే కెర్నెల్ రాయగల మేధావి అయి ఉండాలి.

వాస్తవం: లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నెల్ ఇప్పుడు 3 కోట్ల లైన్లు దాటింది. దాన్ని మళ్లీ ఎవరూ రాయరు. పెళ్లి వంటకు వచ్చే వంటాయన వడ్లు పండించడు. ఎన్ని ఆకులు లేస్తాయో లెక్కగట్టి సరుకుల చీటీ రాస్తాడు, ఏది ముందు పొయ్యి ఎక్కాలో చూసుకుంటాడు. ఇక్కడా అంతే. మీ చీటీలో ఉండేవి నాలుగు: మీ ల్యాప్‌టాప్ మీద కూర్చుని బోర్డులోని చిప్‌కు కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్, పవర్ ఇవ్వగానే కెర్నెల్‌ను మెమొరీలోకి తెచ్చే యూ-బూట్ లాంటి బూట్‌లోడర్, కెర్నెల్, ప్రోగ్రాములన్నీ ఉండే రూట్ ఫైల్‌సిస్టమ్. వీటిని తెచ్చి, కంపైల్ చేసి, ఒక ఇమేజ్‌గా కట్టిపెట్టడానికి బిల్డ్‌రూట్, యోక్టో అనే పనిముట్లున్నాయి. యోక్టోవాళ్లవీ వంటింటి మాటలే. ఒక్కో ప్యాకేజీకి రాసే ఫైలును రెసిపీ అంటారు, వండిపెట్టే ప్రోగ్రాము పేరు బిట్‌బేక్.

సీ భాష, షెల్, మేక్‌ఫైల్ చదవగలగడం మాత్రం తప్పదు. అవి రానివాళ్లకు ఎవరు ఎన్ని వారాల కోర్సు చెప్పినా ప్రయోజనం ఉండదు.

అపోహ: ఉబుంటు వేసి అక్కర్లేనివి తీసేస్తే అదే ఎంబెడెడ్ ఓఎస్.

వాస్తవం: డెమోకు సరిపోతుంది, సరుకు అమ్మడానికి పనికిరాదు. చేత్తో కోసి, అతికించి తయారుచేసిన కార్డులో ఏముందో రెండేళ్ల తర్వాత మీకే గుర్తుండదు. కార్డును కాపీ కొట్టగలరేమో గానీ అదే ఇమేజ్‌ను మొదటినుంచి మళ్లీ కట్టలేరు. బిల్డ్ పద్ధతిలో పైనుంచి తీసేయడం ఉండదు, కిందనుంచి పేర్చుకుంటూ వస్తారు. కొద్ది ఎంబీల్లో మొత్తం రూట్ ఫైల్‌సిస్టమ్ ఇమిడిపోతుంది. ఆ పొదుపు వెనుక ఎక్కువసార్లు కనిపించేది బిజీబాక్స్. డెబియన్ ఇన్‌స్టాలర్ ఒక్క ఫ్లాపీలో పట్టాలని బ్రూస్ పెరెన్స్ 1995లో మొదలుపెట్టాడు. కాపీ, మౌంట్, పింగ్ లాంటి వందల కమాండ్లకు లోపల ఉన్నది ఒకే ప్రోగ్రాము. ఏ పేరుతో పిలిస్తే ఆ వేషం కడుతుంది.

అపోహ: ఉద్యోగాల ప్రకటనల్లో అడిగేది యోక్టో కాబట్టి దానితోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: 2010లో లినక్స్ ఫౌండేషన్ నీడలో మొదలైన యోక్టోను పెద్ద కంపెనీలు ఎంచుకోవడానికి కారణముంది. చిప్ అమ్మినవాళ్ల మార్పులు ఒక లేయర్‌లో, మీవి మరో లేయర్‌లో ఉంటాయి. ఒకరి కోడ్‌లో ఒకరు వేలు పెట్టనక్కర్లేదు. కానీ మొదటి బిల్డ్‌కే 90 జీబీకి పైగా ఖాళీ డిస్క్ కావాలి. మామూలు ల్యాప్‌టాప్ గంటలకొద్దీ రొప్పుతుంది. చివర్లో తప్పు వస్తే అది మీదో, లేయర్‌దో, నెట్‌దో తెలియదు. బిల్డ్‌రూట్‌లో మెనూ తెరిచి టిక్కు పెడితే చాలు. దానికీ ఓ మొండితనముంది. మెనూలో ప్యాకేజీకి టిక్కు తీసేసినా, మొత్తం శుభ్రం చేసి మళ్లీ కట్టేదాకా పాత ఫైళ్లు ఇమేజ్‌లోనే ఉంటాయి. అయినా నా ఓటు దానికే. నెల రోజులు బిల్డ్‌రూట్‌తో కుస్తీ పట్టినవాళ్లకు యోక్టోలో ఏది ఎందుకుందో తెలుస్తుంది.

అపోహ: స్క్రీన్ నల్లగా ఉందంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: స్క్రీన్ బతికేది చివర్లో. బోర్డు మొదట మాట్లాడేది సీరియల్ పోర్టులోంచి. దాన్ని వినడానికి యూఎస్‌బీ సీరియల్ కేబుల్ ఒకటి చాలు. బోర్డు 3.3 వోల్టులదైతే కేబులూ 3.3దే కావాలి. కేబుల్‌లో పంపే టీఎక్స్ తీగ బోర్డులో అందుకునే ఆర్ఎక్స్‌కు పోవాలి. నేను మొదటిసారి టీఎక్స్‌ను టీఎక్స్‌కే కలిపి, ఇమేజ్‌లోనే తప్పుందనుకుని రాత్రంతా కెర్నెల్ కట్టాను, మళ్లీ కట్టాను. పొద్దున వైర్లు మార్చగానే అక్షరాలు గలగలా రాలాయి.

ఆ అక్షరాలు ఎక్కడ ఆగాయో అదే రోగ నిర్ధారణ. యూ-బూట్ పలకరింపు కూడా రాకపోతే కార్డులో బూట్‌లోడర్ సరైన చోట ఉందో లేదో చూడండి. కెర్నెల్ బోలెడు కబుర్లు చెప్పి, రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కాలేదని పానిక్ అయితే కెర్నెల్ కులాసాగానే ఉందన్నమాట. రూట్ పార్టిషన్ పేరు తప్పు ఇచ్చి ఉంటారు, లేదా కార్డు చదివే డ్రైవర్‌ను కెర్నెల్‌లో కలపకుండా మాడ్యూల్‌గా వదిలేసి ఉంటారు. ఆ మాడ్యూల్ ఉన్నదేమో ఆ కార్డులోనే! తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టు.

యూ-బూట్ ‘స్టార్టింగ్ కెర్నెల్’ అన్న తర్వాత చప్పుడు లేకపోతే ముందు కన్సోల్ సెట్టింగు చూసి, తర్వాత డివైస్ ట్రీని అనుమానించండి. పీసీలో పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు తమ పేరు తామే చెప్పుకుంటాయి. ఐ2సీ తీగ మీద వేలాడే సెన్సర్ నోరు విప్పదు. అది ఏ అడ్రసులో, ఏ పిన్ను మీద ఉందో కెర్నెల్‌కు చెప్పే పట్టికే డివైస్ ట్రీ. కోర్సుల్లో దీనికి ఒక పూట కేటాయిస్తారు. పనిలో మాత్రం సగం పూటలు దీనికే పోతాయి.

అపోహ: ప్రతి పరికరానికీ లినక్సే.

వాస్తవం: కొద్ది కిలోబైట్ల ర్యామ్ ఉన్న చిప్‌లో లినక్స్ పట్టదు. అక్కడ ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫిర్ లాంటి చిన్న ఓఎస్‌లున్నాయి.

అపోహ: లినక్స్ ఉచితం, కాబట్టి షరతుల్లేవు.

వాస్తవం: లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ లోపల లినక్స్ ఉందని 2003లో బయటపడింది. జీపీఎల్ లైసెన్సు ప్రకారం కోడ్ ఇవ్వాలని ఒత్తిడి రాగా కంపెనీ దాన్ని విడుదల చేసింది. మరుసటి ఏడాది ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ ఓఎస్ పుట్టింది ఆ కోడ్ నుంచే. పరికరం అమ్మితే అందులోని కెర్నెల్ సోర్స్ మొత్తం, మీరు చేసిన మార్పులతో సహా, కొన్నవాళ్లకు అందేలా చూడాలి. కెర్నెల్ పైన మామూలుగా నడిచే మీ సొంత అప్లికేషన్‌కు ఆ షరతు వర్తించదు.

అపోహ: ఇంత చిన్న పెట్టెను ఎవరు హ్యాక్ చేస్తారు?

వాస్తవం: 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది అదే. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలు, రౌటర్లు వెతికి పట్టుకుని తన సైన్యంలో చేర్చుకుంది. దానికి కావలసింది అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డు జతలే.

బోర్డు కొనే ముందు ఒక రాత్రి ఖర్చుపెట్టండి. బిల్డ్‌రూట్ దించుకుని, క్యూఎము అనే ఎమ్యులేటర్‌కు సిద్ధంగా ఉన్న కాన్ఫిగ్ ఎంచుకుని, మేక్ కొట్టి భోజనానికి వెళ్లండి. తిరిగొచ్చాక దాన్ని నడిపితే లాగిన్ అడుగుతుంది. రూట్ అని కొడితే లోపలికి రానిస్తుంది, పాస్‌వర్డు అడగదు. మీరు మార్చవలసిన మొదటి సెట్టింగు అదే.