హైపర్‌వైజర్‌లో ఉమ్మడి బఫరు నిండితే?

ఒకే కంప్యూటరుపై పలు వర్చువల్ యంత్రాలను నడిపించే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన 'జెన్' అటువంటిదే. తన అదుపులోని యంత్రాలలో జరిగే సంఘటనలను అది ఉమ్మడి మెమరీలో వ్రాస్తుంది. పర్యవేక్షక ప్రోగ్రాము చదువుకుంటుంది. ఆ మెమరీ భాగమే బఫరు.

బెంగళూరు కాటన్‌పేటలో ఒక దుకాణం అరుగును ఊహించండి. హమాలీ అరుగుపై మూటలు దించుతాడు, గుమాస్తా లోపలికి చేర్పిస్తాడు. అరుగు నిండితే హమాలీ ఆగాలి, లేదా మూటను వదులుకోవాలి.

జెన్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. భద్రతా నిఘాకు ఉపకరించే 'వీఎం ఈవెంట్' బఫరు ఒకే పేజీ, అనగా 4,096 బైట్లు. అందులో చోటు లేకుంటే సంఘటనకు కారణమైన వర్చువల్ ప్రాసెసరు వేచి ఉంటుంది. పని మందగించినా సమాచారం పోదు. పనితీరును నమోదు చేసే 'జెన్‌ట్రేస్'లో ఆపితే కొలతే తప్పుతుంది. కనుక బఫరు నిండినప్పుడు కొత్త నమోదులు జారిపోతాయి. ఎన్ని పోయాయన్న లెక్క మాత్రం మిగులుతుంది.

జెన్‌ట్రేస్‌లో ప్రతి ప్రాసెసరుకూ విడి బఫరు ఉంటుంది. సాధారణ కేటాయింపు 32 పేజీలు, అనగా 128 కిలోబైట్లు. 64 ప్రాసెసర్లుంటే మొత్తం 8 మెగాబైట్లు. ఒకసారి కేటాయించిన పరిమాణాన్ని కంప్యూటరును తిరిగి ప్రారంభించేవరకు మార్చడం కుదరదు. అందువల్ల సంఘటనల రద్దీని ముందుగానే అంచనా వేసుకోవడం అవసరం.