అట్ట వేరు, పట్టు వేరు

ధర్మవరంలో నేతగాళ్ల వీధుల్లోకి వెళితే గుంటమగ్గం మీద, నేతగాడి తలకు పైన, చిల్లులు పొడిచిన అట్టలు దండలా కుట్టి వేలాడుతుంటాయి. కాలితో తొక్కగానే ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట సూది అందులోకి దూరిపోతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెట్టేస్తుంది, ఆ పోగు కిందే ఉండిపోతుంది. లేచిన పోగులకూ కింద ఉన్నవాటికీ మధ్య నుంచి నాడె దూసుకుపోతుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. హిందూపురం మార్కెట్లో వేలానికొచ్చిన గూళ్ల పట్టు కొంగు మీద హంసగా, నెమలిగా మారేది ఇలాగే.

మన చేతిలోని ఫోనుకు ముత్తాత ఈ అట్టే. 1725లో ఫ్రాన్సులోని లియాన్‌లో బాసిల్ బూషోన్ చిల్లుల కాగితంతో మగ్గం నడపాలని చూశాడు. 1804లో జోసెఫ్ మరీ జకార్డ్ దాన్ని పనికొచ్చే యంత్రంగా నిలబెట్టాడు. దాదాపు 24,000 అట్టలతో ఆయన బొమ్మనే పట్టులో నేశారు. ఆ బొమ్మ ప్రతి ఒకటి చార్లెస్ బాబేజ్ ఇంట ఉండేది. తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఆయన కూడా అట్టలనే ఎంచుకున్నాడు. 1890లో హెర్మన్ హోలెరిత్ అమెరికా జనాభా లెక్కల్ని చిల్లుల కార్డులతో తేల్చాడు. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి చివరికి ఐబీఎం అయింది.

మగ్గంలో ఆజ్ఞ అట్టలో ఉంటుంది, సరుకు పడుగులో ఉంటుంది. పట్టుపోగు ఎంత చిక్కుపడినా అట్టగా మారదు. 1945లో జాన్ వాన్ న్యూమన్ పేరుతో వచ్చిన నివేదిక ఈ గీతను చెరిపేసింది. ఆజ్ఞలూ సమాచారమూ ఒకే మెమరీలో పెట్టాలన్నది అందులోని ఆలోచన. 1948 జూన్ 21న మాంచెస్టర్‌లో అలాంటి యంత్రం మొదటిసారి నడిచింది. ఒకే పెట్టె పాట పాడుతున్నదన్నా, డబ్బు పంపుతున్నదన్నా, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో రోబోకు చెయ్యి ఎప్పుడు ఎత్తాలో చెబుతున్నదన్నా దాని పుణ్యమే. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఆలోచనల్లో అదొకటి.

మన కష్టం పుట్టిందీ అక్కడే. పట్టు అట్టగా మారగల యంత్రం ఇది.

1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఇంటర్నెట్‌లోకి వదిలిన పురుగు ప్రోగ్రాం ఈ సంగతి లోకానికి చూపించింది. కొన్ని కంప్యూటర్లలో, అడిగిన మనిషి వివరాలు చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. పేరు రాయడానికి అది 512 బైట్ల జాగా ఉంచింది. పురుగు 536 పంపింది. పొంగిపొర్లినవి పక్కనున్న ఆజ్ఞల దారిని చెరిపి తమ దారి రాసుకున్నాయి. పేరుగా వచ్చింది ఆజ్ఞగా నడిచింది.

2017 మే 12న ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై అనే పురుగు కూడా ఇలాంటి లోపంలోంచే దూరింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే మందు రెండు నెలల ముందే ఇంటికొచ్చింది, చాలామంది వేసుకోలేదు. అందుకే అప్‌డేట్ అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పటి మోసగాళ్లకు అంత కష్టం కూడా అక్కర్లేదు. వాట్సాప్‌లో శుభలేఖ వస్తుంది. పట్టుచీరల ఊళ్లో పెళ్లి కబురంటే ఎవరు తెరవరు? ఆ ఫైలు పేరు చివర "ఏపీకే" అని ఉందంటే అది శుభలేఖ కాదు, ప్రోగ్రాం. మెసేజీలు చదవడానికి అనుమతి ఇచ్చామంటే ఓటీపీలు అటే పోతాయి. చాలాసార్లు బ్యాంకు ఖాతాకు చివరి కాపలా ఆ అంకెలే.

కంప్యూటర్ మందగించడానికీ కారణం చాలాసార్లు, ఆజ్ఞలూ సమాచారమూ కలిసి ఉండే ఆ ఒక్క మెమరీయే. ఆన్ చేయగానే అడక్కుండా లేచే ప్రోగ్రాములన్నీ అందులోనే కూర్చుంటాయి. చోటు చాలకపోతే సరుకు డిస్కుకు పోయి వస్తుంటుంది, డిస్కేమో ఎన్నో రెట్లు నెమ్మది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా తెరిచి అక్కర్లేనివి ఆపేయండి. రెండు యాంటీవైరస్‌లు పెడితే ప్రతి ఫైలునూ ఇద్దరు సోదా చేస్తారు, ఒకటి చాలు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే తేడా మొదటి రోజే కనబడుతుంది. "మీ కంప్యూటర్ స్పీడు పెంచుతాం" అంటూ తెర మీదకు దూకే ప్రకటనను మాత్రం నొక్కొద్దు. అదీ ఎవరో పొడిచిన అట్టే.

కొత్త అట్టలు ఎవరి దగ్గర చేయించాలో నేతగాడికి తెలుసు. మీ ఫోనులోకి వచ్చే అట్ట ఎవరు పంపారో మీరూ కనుక్కోండి. శుభలేఖ వస్తే, తెరిచేముందు పెళ్లివారికి ఒక్క ఫోన్ చేయండి. డబ్బు పోయిందని తెలిస్తే ఎవరేమనుకుంటారో అని ఆగకుండా ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.